ప్రతినిధి లేని అవయవం: గూడుబండి పునరుద్ధరణపై ఒక విచారణ

పూర్వీకులు వాడిన వాహనాన్ని ఒక కుటుంబం కలిసి బాగుచేసుకునే పనిలో కలప, ఇనుము, కూలి, కాలం అనే లెక్కలకు అడుగున ఒక తాత్త్విక ప్రశ్న ఉంటుంది: భాగాలు ఒక్కొక్కటిగా మారిపోయి చివరికి పాతది ఏదీ మిగలనప్పుడు, ఎదుట నిలిచిన వస్తువును తాతల నాటి బండి అనడానికి ఆధారం ఏమిటి? బౌద్ధులు, నైయాయికులు, ఆగమకర్తలు, మీమాంసకులు ఈ ప్రశ్నను వేర్వేరు సందర్భాల్లో వేసుకుని వేర్వేరు సమాధానాలు చెప్పారు. కృష్ణా డెల్టా దిగువ ప్రాంతపు గూడుబండిని ముందు పెట్టుకుని ఆ సమాధానాలను పరీక్షిస్తే, ఆశ్చర్యం కలిగించే విధంగా, వస్తువుల స్వరూపం కంటే కర్మల విచారణకే పెద్దపీట వేసిన మీమాంసకుల మాటే కుటుంబం చేసే పనికి అన్నిటికంటే దగ్గరగా వస్తుంది.

గూడుబండి అంటే వెదురు బద్దలను విల్లులా వంచి, వాటిపై చాప కప్పి, పైకప్పు అమర్చిన ఎడ్లబండి. ముదినేపల్లి, గుడివాడ, బందరు పరిసరాల్లోనూ దివిసీమలోనూ పల్లెలకు బస్సులు చేరకముందు కుటుంబాలు పెళ్ళిళ్ళకూ తీర్థాలకూ దీనిలోనే వెళ్ళేవి. ఈ ప్రాంతపు వాడుకలో తీర్థం అంటే పుణ్యజలమే కాక, దేవుని ఉత్సవానికి జనం కూడే జాతర కూడా. మార్గశిర శుద్ధ షష్ఠికి ముదినేపల్లి మండలంలోని సింగరాయపాలెం సుబ్రహ్మణ్యేశ్వరస్వామి సన్నిధికి గానీ, మోపిదేవికి గానీ, మాఘ పౌర్ణమి స్నానానికి కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవికి గానీ బయలుదేరే కుటుంబం బండిలో వరిగడ్డి మెత్తగా పరిచి, పైన దుప్పటి వేసి, బియ్యం, పప్పు, వంటపాత్రలు సర్దుకునేది. చేరినచోట కాడి దించి, ఎడ్లను విప్పి, మూడు రాళ్ళ పొయ్యి మీద వండుకుని, ఆడవారూ పిల్లలూ బండిలో, మగవారు బండి కింద పడుకునేవారు. ప్రయాణం ఉన్నన్నాళ్ళూ ఆ బండే ఇల్లు. జర్మనీలో 1950లో తయారీ మొదలైన ఫోక్స్‌వాగన్ టైప్ 2 వ్యానుల్లో పడకా పొయ్యీ అమర్చిన పాత క్యాంపర్లను ఐరోపా, అమెరికాల్లో ఈనాడు తల్లిదండ్రులూ పిల్లలూ కలిసి విప్పి బాగుచేసుకోవడం వెనుక ఉన్న మమకారమూ, దూలాల కింద దుమ్ము పట్టిన గూడుబండి పట్ల డెల్టా రైతుకుటుంబానికి ఉన్న మమకారమూ ఒకే జాతివి. రెండింటిలోనూ బాగుచేయబడుతున్నది ఒకప్పుడు కుటుంబమంతా ఒకే కప్పు కింద ఇరుకుగా కూర్చుని కదిలిన చోటు.

బండిని విప్పితేనే ప్రశ్న పదునెక్కుతుంది. ఎడ్ల మెడలపై ఉండేది కాడి. కాడిని బండికి కలిపే పొడవాటి మానులు నొగలు. చక్రాలు తిరగడానికి ఆధారమైనది ఇరుసు. చక్రం జారిపోకుండా ఇరుసు కొనలో దిగగొట్టేది శీల. చక్రంలో నడిమి దుంగ, దానిలోంచి నలువైపులా వెలువడే ఆకులు, ఆకుల కొనలను కలుపుతూ వలయంగా అమరే వంపు చెక్కలు, వాటి చుట్టూ ఇనుప పట్టా ఉంటాయి. కమ్మరి ఆ పట్టాను చక్రం చుట్టుకొలత కంటే కొద్దిగా తక్కువ కొలతతో అతికి, మంటలో ఎర్రగా కాల్చి, అది వ్యాకోచించి ఉన్నప్పుడే చక్రానికి తొడిగి నీళ్ళు పోస్తాడు. చల్లబడుతూ కుంచించుకునే ఇనుము విడివిడి చెక్కలను ఒకదానిలోకి ఒకటి బిగించి ఒకే చక్రంగా చేస్తుంది. ఈ భాగాలన్నీ ఒకే వేగంతో పాడవవు. గూడు చాప కొన్నేళ్ళకే చివికిపోతుంది, తొట్టి పలకలు డెల్టా తేమకు మెత్తబడతాయి, సముద్రపు ఉప్పుగాలికి పట్టా తుప్పుపడుతుంది, తుమ్మ మాను నుంచి చెక్కిన నడిమి దుంగ మాత్రం మిగిలినవాటి కంటే చాలాకాలం నిలుస్తుంది. కనుక బండి ఒక్కసారిగా పాతబడదు, ఒక్కసారిగా కొత్తదీ కాదు. ఒక తరం గూడు మార్చితే తరువాతి తరం నొగలు మార్చుతుంది, ఏ రోజున అది వేరే బండి అయిందో వేలుపెట్టి చూపడం ఎవరికీ సాధ్యం కాదు.

బౌద్ధుల సమాధానానికి ఈ నేలతోనే సంబంధం ఉంది. బందరుకు పడమట ఉన్న ఘంటసాల క్రీస్తుశకం రెండవ శతాబ్దపు గ్రీకు భూగోళవేత్త టాలెమీ కొంటకోస్సిల పేరుతో పేర్కొన్న వర్తక కేంద్రమని పండితులు గుర్తించారు. అక్కడి మహాచైత్యం, అంటే బుద్ధుని స్మృతికి ఆశ్రయమైన పెద్ద స్తూపం, ఆనాటి ఆంధ్రబౌద్ధులకు ముఖ్య క్షేత్రాల్లో ఒకటి. ఆ మతంలో ఆదరణ పొందిన మిళిందప్రశ్న అనే పాళీ గ్రంథంలో యవనరాజు మిళిందుడు రథంపై వచ్చినట్లు చెప్పగా, నాగసేనుడనే భిక్షువు నొగ రథమా, ఇరుసు రథమా, చక్రాలు రథమా అని ఒక్కొక్కటే అడిగి, ఏదీ కాదని రాజు చేతనే ఒప్పించి, భాగాలకు వెలుపల కూడా రథం లేదని చూపి, రథమన్నది భాగాల కూర్పును ఆధారం చేసుకుని లోకం వాడుకునే పేరు మాత్రమేనని తేలుస్తాడు. ఇలా వ్యవహారం కోసం ఏర్పడిన పేరును బౌద్ధులు ప్రజ్ఞప్తి అంటారు. ఏడవ శతాబ్దంలో చంద్రకీర్తి మధ్యమకావతారంలో ఇదే రథాన్ని ఏడు రకాలుగా వెదికి, ఎటు చూసినా దొరకదని ఈ వాదాన్ని మరింత గట్టిపరిచాడు.

ఈ వాదంలోని బలాన్ని తోసిపుచ్చడం కష్టం. బండిలో ఎక్కడో ఒక మూల, ఏ చెక్కలోనో, తాతల స్పర్శను మోస్తున్న మార్పులేని సారం దాగి ఉందన్న భావన విచారణకు నిలవదు. నడిమి దుంగ చాలాకాలం నిలిచినంత మాత్రాన అదే బండి కాదు, ఎందుకంటే అది కూడా ఒకనాటికి పుచ్చిపోతుంది. మిళిందప్రశ్నలోనే రాత్రి తొలిజాములో వెలిగిన జ్వాల, చివరిజాములో వెలిగే జ్వాల ఒకటీ కాదు, పూర్తిగా వేరూ కాదు అన్న నిరూపణ ఉంది. దీనిని సంతానం, అంటే ఎడతెగని వరుస అంటారు. అయితే నాగసేనుడు విప్పి చూపిన రథం ప్రయాణం పూర్తిచేసుకుని నిలిచి ఉన్న రథం. చెదలు పట్టిన రథం ముందు నిలబడి, దీనిని బాగుచేయాలా, వదిలేయాలా అని ఆలోచించే మనిషి ఆ సంభాషణలో లేడు. జ్వాల తనంతట తాను సాగుతుంది. బండి అలా సాగదు, ప్రతి మలుపులోనూ ఎవరో ఒకరు దానిని సాగించాలి. ఆ సాగించేవారి ప్రస్తావన లేకుండా సంతానం గురించి మాట్లాడితే, గూడుబండి విషయంలో సగమే చెప్పినట్లవుతుంది.

నైయాయికులు, అంటే న్యాయశాస్త్రాన్ని అనుసరించే తార్కికులు, బౌద్ధులను ఎదిరించి, భాగాలకు భిన్నంగా అవయవి అనే పూర్ణవస్తువు నిజంగా ఉందనీ, అది తన అవయవాలలో సమవాయం అనే విడదీయరాని సంబంధంతో ఉంటుందనీ నిరూపించారు. వినగానే కుటుంబాలకు ఊరట కలిగించే సిద్ధాంతమే. కానీ దాని పర్యవసానం కఠినమైనది. ఒక అవయవం తొలగితే పాత అవయవి నశించి మరొక అవయవి పుడుతుందని వారే అంగీకరించారు కనుక, ఒక్క ఆకు మార్చిన చక్రం మరొక చక్రమే అవుతుంది. చూడగానే ఇది అదే అని కలిగే గుర్తింపును ప్రత్యభిజ్ఞ అంటారు. కత్తిరించిన తరువాత మళ్ళీ పెరిగిన గోళ్ళను అవే గోళ్ళు అనుకోవడం వంటి చోట్ల ఆ గుర్తింపు పోలిక వల్ల కలిగినదే తప్ప ఐక్యం వల్ల కాదని శాస్త్రకారులు ఎత్తిచూపుతారు. నిజమైన బండిని నిలబెట్టబోయి, ప్రతి మరమ్మతుతోనూ దానిని పోగొట్టుకున్నట్లవుతుంది.

గ్రీకు రచయిత ప్లూటార్క్ థీసియస్ చరిత్రలో, ఏథెన్సువారు పుచ్చిన పలకలను మార్చుతూ కాపాడుకున్న ఓడ గురించి తత్త్వవేత్తలు వాదించుకునేవారని రాశాడు. ఆంగ్ల తత్త్వవేత్త హాబ్స్ 1655లో దీనికి మరొక మెలిక కలిపాడు: తీసేసిన పాత పలకలన్నిటినీ ఎవరో దాచి, అదే వరుసలో కూర్చి మరొక ఓడ నిలబెడితే, రెండింటిలో అసలైనది ఏది? గొడ్లసావిడి మూలన పడవేసిన పాత నొగలూ పాత ఆకులూ ఉన్న ఇంట్లో ఇది ఊహకు మాత్రమే చెందిన ప్రశ్న కాదు. వాటిని ఏంచేయాలన్న విషయంలో పాశ్చాత్య చర్చ మౌనంగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ అడుగుతున్నది ఏది అదే అని, ఏది చేయదగినది అని కాదు.

చేయదగినదాని నుంచి మొదలుపెట్టినవారు ఆగమకర్తలు. ఆలయాల నిర్మాణం, ప్రతిష్ఠ, పూజలను నిర్దేశించే శాస్త్రాలు ఆగమాలు; పాతబడిన గుడినీ విగ్రహాన్నీ తిరిగి నిలబెట్టే విధిని అవి జీర్ణోద్ధరణ అంటాయి. దీనికి వాస్తుగ్రంథమైన మయమతం ప్రత్యేకంగా ఒక అధ్యాయం కేటాయించింది. అగ్నిపురాణం, జీర్ణమైన ప్రతిమ ఏ కొలతతో, ఏ ద్రవ్యంతో ఉన్నదో కొత్తది కూడా ఆ కొలతతోనూ ఆ ద్రవ్యంతోనూ చేయాలనీ, తొలగించిన దారుప్రతిమను అగ్నికీ శిలాప్రతిమను జలానికీ అప్పగించాలనీ చెబుతుంది. ఈ విధిలో అతి సూక్ష్మమైన అంగం కళాకర్షణ: పని మొదలయ్యేముందు మూలమూర్తిలోని దివ్యశక్తిని మంత్రపూర్వకంగా కలశంలోకి ఆవాహన చేసి, బాలాలయం అనే తాత్కాలిక సన్నిధిలో నిలిపి, పని ముగిశాక మహాసంప్రోక్షణతో తిరిగి మూర్తిలోకి చేర్చుతారు. తిరుమలలో పన్నెండేళ్ళకొకసారి జరిగే ఈ క్రతువు 2018 ఆగస్టులో జరిగింది. విప్పిన స్థితిలో వస్తువు ఎక్కడ ఉంటుంది అన్న ప్రశ్నకు ఏ తర్కగ్రంథమూ ఇంత స్పష్టమైన జవాబు ఇవ్వలేదు. మధ్యకాలంలో దానిని ఎవరైనా పట్టుకుని ఉండాలి, పట్టుకునేవారు లేకపోతే తిరిగి చేర్చడానికి ఏమీ ఉండదు అన్నది ఆగమకర్తల అవగాహన.

బండి విగ్రహం కాదు. దానికి కళాకర్షణ విధించినవారు ఎవరూ లేరు. అయినా దసరాకు కాడికీ చక్రాలకూ పసుపు కుంకుమలు పెట్టే ఇళ్ళలో బండి కేవలం కలప కూడా కాదు. ఆగమదృష్టి ఇక్కడ ఎంతవరకు వర్తిస్తుందో చూడటానికి రెండు రథాలు సాయపడతాయి. పూరీలో జగన్నాథ, బలభద్ర, సుభద్రల రథాలను ఏటా కొత్త కలపతో నిర్మిస్తారు. జగన్నాథుని పదహారు చక్రాల రథమైన నందిఘోష ఏటా కొత్తదే, ఏటా నందిఘోషే. అక్కడి మూర్తులకే దారువు మార్చే నవకళేబర ఉత్సవం 1996లోనూ మళ్ళీ 2015లోనూ జరిగింది. పాత మూర్తిలోని బ్రహ్మపదార్థాన్ని కళ్ళకు గంతలు కట్టుకున్న దైతాపతులు అనే ఆలయసేవకులు కొత్త మూర్తిలోకి చేర్చి, పాతవాటిని ఆలయ ప్రాంగణంలోనే ఖననం చేసి, స్వామికి తాము రక్తబంధువులమన్న నమ్మకంతో ఇంట్లో మనిషి పోయినట్లే అశౌచం పాటిస్తారు. రెండవది అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి రథం. 2020 సెప్టెంబరులో అది అగ్నికి ఆహుతైనప్పుడు కొత్తదానికి చేర్చడానికి పాత చెక్క మిగలకపోయినా, 2021 ఫిబ్రవరి కల్యాణోత్సవానికి సిద్ధమైన కొత్త రథాన్ని భక్తులు స్వామి రథంగానే లాగారు. ద్రవ్యం పూర్తిగా పోయినా నిలిచినది ఒకటుంది. అది పేరు మాత్రమే అనడం చాలదు, ఎందుకంటే పేరు కోసం ఎవరూ అశౌచం పట్టరు.

మీమాంసకుల విచారణ ఉపయోగపడేది సరిగ్గా ఇక్కడే. వేదవిహితమైన కర్మల అర్థనిర్ణయం చేసే శాస్త్రం మీమాంస. దానికి మూలమైన జైమిని సూత్రాల ఆరవ అధ్యాయం మూడవ పాదంలో ప్రతినిధి విచారణ ఉంది. యాగం మొదలైన తరువాత విధించిన ద్రవ్యం పాడైతే యాగం ఆపాలా, లేక దాని బదులు మరొకటి వాడవచ్చా? వ్రీహి, అంటే వరిధాన్యం, దొరకనప్పుడు దానిని పోలిన అవయవాలు ఉన్న నివ్వరి గింజలను తీసుకుని యాగం పూర్తిచేయవచ్చు; ద్రవ్యం మారినా కర్మ అదే కర్మ. అయితే కొన్నిటికి ప్రతినిధి లేదు. ఉద్దేశించిన దేవతకు బదులు మరొక దేవతను, విహితమైన అగ్నికి బదులు మరొక అగ్నిని, మంత్రానికి బదులు మరొక మంత్రాన్ని, చేయవలసిన క్రియకు బదులు మరొక క్రియను తెచ్చుకోలేరు. ముఖ్యంగా యజమానికి, అంటే ఎవరు సంకల్పించి ద్రవ్యాన్ని త్యాగం చేస్తున్నారో ఆ వ్యక్తికి, ప్రతినిధి లేడు. ఋత్విక్కులు, అంటే యాగం జరిపించే పురోహితులు, దక్షిణకు నియమితులైనవారు కనుక ఒకరు లేకపోతే మరొకరు రావచ్చు. యజమాని స్థానంలో మరొకరు వస్తే అది ఆ మరొకరి యాగం అవుతుంది.

ఈ విభజనను బండికి అన్వయిస్తే ఎంతోకాలంగా చిక్కుగా ఉన్నది విడిపోతుంది. టేకు దొరకకపోతే మరొక కలప, తాటాకు చాప దొరకకపోతే ఈతచాప, పట్టా తొడిగే పని తెలిసిన కమ్మరి లేకపోతే మరొక ఊరి కమ్మరి ప్రతినిధులు కాగలరు. ఒకప్పుడు కళ్ళం దగ్గర కొలిచి ఇచ్చే ధాన్యపు మేరకు పనిచేసిన వడ్రంగీ కమ్మరీ ఈ కర్మలో ఋత్విక్కులు. వారి నైపుణ్యం లేకుండా పని సాగదు, వారికి గౌరవమూ ప్రతిఫలమూ చెల్లాలి, కానీ బండి వారి తాతలది కాదు. బాగుచేయించే కుటుంబానికి వడ్రంగం రాకపోవడం లోపం కాదన్నది దీనివల్ల తేలుతుంది. బాడిస పట్టలేని యజమాని కూడా యజమానే. పోలికకు కొంత హద్దు కూడా మీమాంసే పెట్టింది. వ్రీహికి బదులు నివ్వరిని తీసుకోవడం పోలిన అవయవాల కారణంగా కనుక, చెక్క చక్రాలు తీసి బేరింగులతో కూడిన రబ్బరు టైర్లు వేసిన బండిని పాతదానికి ప్రతినిధి అనడం కష్టం. డెల్టాలో పొలం పనులకు టైరుబండి చాలాకాలంగా వాడుకలో ఉంది, ఎడ్లకు భారం తగ్గించింది, దానిలో తప్పేమీ లేదు. అది మరొక బండి, దానిని అలాగే గౌరవించడం మంచిది. అంతకంటే దూరం పోయినది, కుటుంబం నుంచి కొని, రంగులు పూసి, విడిది హోటలు వాకిట్లో కదలకుండా నిలబెట్టిన గూడుబండి. దానిలో పాత కలప నూటికి నూరుపాళ్ళూ ఉండవచ్చు. ద్రవ్యమంతా ఉండి యజమాని లేని యాగం అది. బండిని నిలబెట్టే లెక్కలో అంతర్వేది కొత్త రథం కంటే అది చాలా పేదది.

కుటుంబంలో యజమాని ఒక్కరు కారు, పలువురు. మీమాంసకులు దీనికి కూడా ఒక నమూనా చర్చించారు: సత్రం అనే దీర్ఘయాగంలో పదిహేడు నుంచి ఇరవైనలుగురు వరకు కలిసి కూర్చుంటారు, అందరూ ఋత్విక్కులే, అందరూ యజమానులే. మధ్యలో ఒకరు మరణిస్తే సంఖ్య తగ్గకుండా మరొకరిని కూర్చోబెట్టవచ్చు, పని సాగుతుంది. కానీ అలా వచ్చినవానికి ఫలంలో భాగం లేదు. ఏళ్ళ తరబడి సాగే ఇంటిపనిలో పెద్దవారు మధ్యలో వెళ్ళిపోవడం సహజం; వారి చేతిపనిని మరొకరు అందుకోగలరు, వారి స్థానాన్ని అందుకోలేరు అన్న భేదాన్ని ఈ చర్చ నిక్కచ్చిగా నిలబెడుతుంది. ఘంటసాల మహాచైత్యం తూర్పుద్వారం దగ్గర రాతిమండపం కట్టించిన బోధిశ్రీ అనే ఉపాసిక నాగార్జునకొండ శాసనంలో, తన దానాల పుణ్యంలో భర్తనూ తల్లిదండ్రులనూ అన్నదమ్ములనూ సోదరినీ మేనల్లుళ్ళనూ తాతా అవ్వలనూ మేనమామనూ వరుసగా పేర్కొంది. భాగాలకు వెలుపల ఏ వస్తువూ లేదని బోధించిన మతంలో ఉండి కూడా, ఇక్ష్వాకుల కాలపు ఆ స్త్రీ తన నిర్మాణాన్ని బంధువుల పేర్లతో నింపడం, సిద్ధాంతం చెప్పనిదానిని ఆచరణ ఎంత సూటిగా చెప్పగలదో చూపుతుంది.

ఇంతవరకు ఒప్పుకున్నవారికి చివరి చిక్కు పంపకాల దగ్గర వస్తుంది. హైదరాబాదులోనో అమెరికాలోనో స్థిరపడిన సంతానం డబ్బు పంపితే వారు యజమానులేనా? మీమాంసలో యాగమంటే దేవతను ఉద్దేశించి ద్రవ్యాన్ని వదులుకోవడం, ఇది నాది కాదు అనుకోవడం. హోమం చేసే చేతులు ఇతరులవి కావచ్చు, వదులుకోవడం మాత్రం యజమానిదే. కనుక దూరం అడ్డు కాదు. పంపిన డబ్బుతోపాటు బండిపై విడి హక్కును కూడా విడిచారా అన్నదే పరీక్ష. తెలుగు కుటుంబాల ఆస్తిపంపకాలను శతాబ్దాలపాటు శాసించిన మితాక్షరలో విజ్ఞానేశ్వరుడు, మనువు విభజించరాదన్న వస్తువుల పట్టికలోని వాహనాన్ని వివరిస్తూ, ఎవరు ఎక్కిన వాహనం వారిదేననీ, తండ్రి ఎక్కిన వాహనాన్ని ఆయన మరణానంతరం కొడుకులు పంచుకోక శ్రాద్ధభోక్తకు, అంటే శ్రాద్ధభోజనం చేసినవానికి, సమర్పించాలనీ బృహస్పతి వచనం ఆధారంగా నిర్ణయించాడు. గూడుబండిని ఇవాళ ఏ ఇల్లూ శ్రాద్ధభోక్తకు ఇవ్వబోదు, ఇస్తే దానికి కట్టడానికి ఆయనకు ఎడ్లూ ఉండవు. అయితే ఆ నిర్ణయం వెనుక ఉన్న నియమం, తండ్రి ఎక్కిన బండి ఏ ఒక్క కొడుకు వాటాలోకీ ధర కట్టి చేరరాదన్నది, పునరుద్ధరించిన బండికి ఇప్పటికీ వర్తింపజేయవచ్చు: దాని ఖర్చును వాటాల్లో కలపకుండా, ఆడపిల్లల హక్కును కూడా సమానంగా గుర్తిస్తూ, ఉమ్మడిగా ఉంచి, షష్ఠికి సింగరాయపాలెం వెళ్ళేవారు ఎవరైతే ఆ ఏడు వారు ఎక్కేలా రాసుకోవడం ఏ పంపకాల కాగితంలోనైనా సాధ్యమే.